కార్నియాలోని చక్కెర గొలుసులు: కంటి నిర్మలత్వానికి ఆధారం

మానవ దేహంలోని అవయవాలలో అధిక భాగం అపారదర్శకమైనవి. చర్మం గుండా గాని, కండరం గుండా గాని, ఎముక గుండా గాని మనం అవతలి వస్తువును చూడలేము. వెలుతురును అడ్డగించకుండా లోనికి పోనిచ్చే కణజాలాలు కంటిలోనే ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె ముందున్నది కార్నియా. మన పాఠ్యపుస్తకాలు దీనిని శుక్లపటలం అంటున్నాయి. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరి ఉన్న ఈ పొర మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. దీనిలో రక్తనాళాలు లేవు. తనకు కావలసిన ప్రాణవాయువులో ఎక్కువ భాగాన్ని ఇది కన్నీటి ద్వారా బయటి గాలి నుండి గ్రహిస్తుంది. కంటిలోకి వచ్చే కిరణాలను వంచి ఒకచోట చేర్చే పనిలో సుమారు మూడింట రెండు వంతులు దీనిదే. మిగిలిన వంతు లోపలి కటకానిది.

ఇంత ముఖ్యమైన పొర ఏ పదార్థంతో తయారైనదని ప్రశ్నిస్తే వచ్చే సమాధానం ఆశ్చర్యం కలిగిస్తుంది. తోలు, కండరాలను ఎముకకు కట్టే తాళ్ళు దేనితో తయారైనవో, నల్లగుడ్డు చుట్టూ ఉన్న తెల్లగుడ్డు దేనితో తయారైనదో, కార్నియా కూడా ప్రధానంగా ఆ కొలాజెన్ అనే మాంసకృత్తుతోనే తయారైనది. ఒకే పదార్థం ఒకచోట పాలవలె తెల్లగా, దానిని ఆనుకొని ఉన్న మరొకచోట స్ఫటికంలా నిర్మలంగా ఎందుకున్నది? ఈ తేడాలో పెద్ద పాత్ర వహించేవి కొన్ని చక్కెర గొలుసులు. వాటి నిర్మాణం ఎట్టిది, ఆ నిర్మాణంలో చిన్న లోపం కలిగితే మనిషి చూపు ఏమవుతుంది, దానికి నివారణోపాయం ఏది అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పేరులోని అర్థం

అరబ్బీ వైద్యులు ఈ పొరను ‘ఖర్నియ్య’ అన్నారు. ‘ఖర్న్’ అంటే కొమ్ము. కొమ్మును పలుచని రేకుగా చెక్కితే వెలుతురును పోనిస్తుంది గనుక ఈ పేరు వచ్చింది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో గ్రీకు వైద్య గ్రంథాలను అరబ్బీలోకి అనువదించిన క్రైస్తవ పండితుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్ కంటిని గురించి రచించిన పది ప్రకరణాలలోను, పదకొండవ శతాబ్దపు మహాశాస్త్రవేత్త ఇబ్నుల్ హైసమ్ రచించిన ‘కితాబుల్ మనాజిర్’లోను కంటి పొరల వర్ణన ఉన్నది. లాటిన్ భాషలోని ‘కార్నియా’ కూడా కొమ్ము అనే అర్థంగల పదం నుండి వచ్చినదే. గ్రీకు భాషలో కొమ్మును ‘కెరాస్’ అంటారు. మనం చెప్పుకోబోయే చక్కెర గొలుసు పేరు ‘కెరటాన్ సల్ఫేట్’ ఆ గ్రీకు మాట నుండి పుట్టింది. పేరు మూడు భాషలలో మారినా అర్థం మాత్రం ఒక్కటే.

నిర్మలత్వానికి కారణం ఏమిటి?

కార్నియా మందంలో సుమారు పదింట తొమ్మిది వంతులు స్ట్రోమా అనే మధ్యభాగం. ఇందులో రెండు వందలకు పైగా పలుచని పలకలు ఒకదానిపై ఒకటి పరచి ఉన్నాయి. ప్రతి పలకలోను కొలాజెన్ పోగులు మగ్గంలోని పడుగు దారాలవలె ఒకే దిశలో సాగుతాయి. పై పలకలోని పోగుల దిశ వేరు, కింది పలకలోని పోగుల దిశ వేరు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని నానోమీటరు అంటారు. మానవ కార్నియాలోని ఒక్కొక్క పోగు మందం సుమారు 30 నానోమీటర్లు. ఇటువంటి పోగులు రెండు వేలకు పైగా పక్కపక్కన పేర్చితే గాని ఒక తలవెంట్రుక మందం రాదు. విశేషమేమంటే ఈ పోగులన్నీ దాదాపు ఒకే మందంలో ఉంటాయి, వాటి మధ్య దూరం కూడా దాదాపు సమానంగా ఉంటుంది.

తెల్లగుడ్డులోనూ పోగులు కొలాజెన్‌వే. కాని అక్కడ కొన్ని పోగులు సన్నం, కొన్ని వాటికి అనేక రెట్లు లావు. వాటి మధ్య దూరానికి ఒక క్రమం లేదు. అందుచేత దానిమీద పడిన వెలుతురు అన్ని దిక్కులకు చెదరిపోతుంది. అలా చెదరిన వెలుతురే మనకు తెలుపుగా కనిపిస్తుంది.

1957లో డేవిడ్ మారిస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని లెక్కకట్టి చూపించాడు. కార్నియాలోని ప్రతి పోగూ తనమీద పడిన వెలుతురును కొంత చెదరగొడుతుంది. పోగులు అడ్డదిడ్డంగా ఉన్నట్లయితే ఆ చెదరిన కిరణాలన్నీ కూడి కార్నియాను మసకబార్చి ఉండేవి. కాని పోగులు క్రమంగా నిలిచి ఉన్నందున పక్కలకు పోయే తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ముందుకు పోయే తరంగాలు మాత్రం నిలుస్తాయి. పోగులు చదరంగపు గళ్ళవలె పూర్తి క్రమంలో ఉండనక్కరలేదని, ప్రతి పోగుకు దగ్గరలో ఉన్న ఇరుగుపొరుగు పోగుల దూరం సరిగా ఉంటే చాలునని తరువాతి పరిశోధకులు సవరించారు. అయినా మారిస్ చెప్పిన మూలసూత్రం నిలిచింది. కార్నియా నిర్మలత్వం పదార్థంలో లేదు, అమరికలో ఉన్నది.

అయితే ఆ పోగుల మధ్య ఖాళీని కాపాడుతున్నదేది? అది వట్టి నీరు కాజాలదు. నీటికి తనంత తాను ఒక దూరాన్ని నిలబెట్టే శక్తి లేదు. ఇక్కడే చక్కెర గొలుసుల ప్రస్తావన వస్తుంది.

చక్కెర గొలుసు కనుగొన్న వైనం

‘చక్కెర’ అనగానే మనకు తినే పంచదార గుర్తుకు వస్తుంది. రసాయన శాస్త్రంలో ఈ మాటకు అర్థం విస్తృతమైనది. పాలలోని చక్కెర, పండ్లలోని చక్కెర, పిండిపదార్థం, చెట్ల కలపలోని నార, ఇవన్నీ చక్కెర అణువులతో కూర్చబడినవే. అణువులు ఒకదానికొకటి పూసలవలె తగులుకొని పొడుగాటి గొలుసులుగా ఏర్పడతాయి. జంతుదేహంలో కణాల మధ్య ఉండే బంక వంటి పదార్థంలో ఇటువంటి గొలుసులు అనేక రకాలు ఉన్నాయి.

కార్నియాలో సల్ఫేట్ కలిగిన ఒక ప్రత్యేకమైన చక్కెర పదార్థం ఉన్నదని 1939లో జపాను దేశస్థుడైన సుజుకి ప్రకటించాడు. 1953లో కార్ల్ మేయర్, ఆయన సహచరులు ఎద్దుల కార్నియా నుండి దానిని వేరుచేసి పరిశీలించి ‘కెరటోసల్ఫేట్’ అని పేరు పెట్టారు. అదే నేటి కెరటాన్ సల్ఫేట్. 1934లో ఆవు కంటిలోని గుజ్జు నుండి హయాలురానిక్ ఆమ్లాన్ని కనుగొన్నది కూడా ఈ కార్ల్ మేయరే. తరువాత కెరటాన్ సల్ఫేట్ మృదులాస్థిలోను, మెదడులోను కూడా కనిపించింది. అయినా దానికి ప్రధాన స్థానం కార్నియాయే.

గొలుసు నిర్మాణం

రెండు రంగుల పూసలను ఒకటి విడిచి ఒకటిగా గుచ్చిన తస్బీహ్ మాలను ఊహించుకుంటే ఈ గొలుసు నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. మొదటి రంగు పూస గెలాక్టోజ్. ఇది పాలచక్కెరలో కూడా ఉన్నది. రెండవ రంగు పూస ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్. అంటే గ్లూకోజ్‌కు నత్రజనితో కూడిన చిన్న భాగం చేరగా ఏర్పడిన చక్కెర. ఈ రెండూ కలిసి ఒక జంట. ఈ జంట మళ్ళీ మళ్ళీ వచ్చి గొలుసు సాగుతుంది.

ప్రతి పూసలోను ఆరు కార్బన్ పరమాణువులు ఉంటాయి. వాటికి ఒకటి నుండి ఆరు వరకు అంకెలు ఇచ్చారు. గెలాక్టోజ్ తన ఒకటవ కార్బన్ ద్వారా గ్లూకోసమైన్ నాలుగవ కార్బన్‌ను పట్టుకుంటుంది. గ్లూకోసమైన్ తన ఒకటవ కార్బన్ ద్వారా తరువాతి గెలాక్టోజ్ మూడవ కార్బన్‌ను పట్టుకుంటుంది. ఆరవ కార్బన్ మాత్రం ఉంగరం నుండి బయటికి చాచిన చేయివలె ఖాళీగా ఉంటుంది. సల్ఫేట్ వచ్చి చేరేది ఆ చేతికే. గంధకం, ఆమ్లజని కలిసిన ఈ చిన్న భాగానికి రుణ విద్యుదావేశం ఉంటుంది. ఇది గ్లూకోసమైన్ మీద మాత్రమే ఉంటే ఆ జంటను ఏక సల్ఫేట్ జంట అని, రెండు చక్కెరల మీదా ఉంటే ద్వి సల్ఫేట్ జంట అని అందాం.

దేహంలోని ఇదే జాతికి చెందిన ఇతర గొలుసులైన కాండ్రాయిటిన్, డెర్మటాన్, హెపరాన్ మొదలైనవాటిలో యూరానిక్ ఆమ్లం అనే ఆమ్ల చక్కెర ఒకటి తప్పక ఉంటుంది. కెరటాన్‌లో మాత్రం అది లేదు. ఇది దాని ప్రత్యేకత. దీనికి జాన్ స్కాట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కారణం ఊహించాడు. యూరానిక్ ఆమ్లం తయారీకి ప్రాణవాయువుతో సంబంధంగల చర్య అవసరం. రక్తనాళాలు లేని మందపాటి కార్నియా లోపలి భాగాలకు ప్రాణవాయువు తక్కువగా అందుతుంది గనుక అక్కడ ఆ అవసరం లేని కెరటాన్ తయారవుతున్నదని ఆయన అభిప్రాయం. పలుచని కార్నియాగల ఎలుకలో సల్ఫేట్ అధికంగాగల కెరటాన్ చాలా తక్కువగా ఉండటం, మందపాటి కార్నియాగల ఆవులోను, మనిషిలోను అది ఎక్కువగా ఉండటం ఈ ఊహకు అనుకూలంగానే ఉన్నాయి.

ఈ గొలుసు విడిగా తేలియాడదు. దాని మొదలు ఒక మాంసకృత్తుకు అతికి ఉంటుంది. కార్నియాలో ఇటువంటి మాంసకృత్తులు ప్రధానంగా మూడు: లుమికాన్, కెరటోకాన్, మిమెకాన్. మాంసకృత్తులోని ఆస్పరజిన్ అనే భాగంనుండి ముందుగా రెండు గ్లూకోసమైన్‌లు, తరువాత మూడు మానోజ్ చక్కెరలు కలిసి రెండు కొమ్మలుగల కాండంలా ఏర్పడతాయి. వాటిలో ఒక కొమ్మ పొట్టిగానే ఆగిపోతుంది. దాని కొనకు సియాలిక్ ఆమ్లం మూతవలె చేరుతుంది. రెండవ కొమ్మమీద కెరటాన్ గొలుసు పొడుగ్గా సాగుతుంది. మృదులాస్థిలోని కెరటాన్ ఈ విధంగా కాక, వేరొక చక్కెర ద్వారా సెరిన్, థ్రియోనిన్ అనే భాగాలకు అతికి ఉంటుంది. కనుక గొలుసు ఒకటే అయినా దాని వేరు స్థానాన్ని బట్టి మారుతుంది.

గొలుసు పొడవునా సల్ఫేట్ ఒకే విధంగా ఉండదని 1987లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మొదలు దగ్గర రెండు జంటలు సల్ఫేట్ లేకుండా ఉంటాయి. ఆ తరువాత పది పన్నెండు ఏక సల్ఫేట్ జంటలు వస్తాయి. చివరి భాగంలో ద్వి సల్ఫేట్ జంటలు ఉంటాయి; వీటి సంఖ్య స్థిరం కాదు, ఎనిమిది నుండి ముప్ఫై నాలుగు వరకు మారుతుంది. అనగా గొలుసు కొనకు పోయిన కొద్దీ విద్యుదావేశం ఎక్కువవుతుంది.

ఈ గొలుసు ఎలా తయారవుతుంది?

కార్నియాలో పలకల మధ్య పలుచగా పరచుకొన్న కణాలు ఉన్నాయి. ఈ గొలుసులను తయారుచేసేవి అవే. ప్రతి చక్కెరను చేర్చడానికి ఒక ఎంజైము, ప్రతి సల్ఫేట్‌ను చేర్చడానికి ఒక ఎంజైము ఉన్నాయి. పనివాళ్ళు వరుసగా కూర్చొని ఒకరి చేతినుండి మరొకరు అందుకొన్నట్లు పని సాగుతుంది. ఒక ఎంజైము గొలుసు కొనకు గ్లూకోసమైన్‌ను చేరుస్తుంది. వెంటనే మరొకటి దాని ఆరవ కార్బన్‌కు సల్ఫేట్ తగిలిస్తుంది. ఆ తరువాత వేరొకటి గెలాక్టోజ్‌ను చేరుస్తుంది. మళ్ళీ మొదటి ఎంజైము వంతు వస్తుంది. గెలాక్టోజ్ మీద సల్ఫేట్ పెట్టే ఎంజైము చివరలో వచ్చి తన పని చేస్తుంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. గ్లూకోసమైన్ మీద సల్ఫేట్ పడకపోతే గొలుసు సరిగా సాగదు. గెలాక్టోజ్ మీద సల్ఫేట్ పెట్టే పని కూడా దెబ్బతింటుంది. వరుసలో రెండవవాడు చేయి ఆపితే అతని తరువాతి వారందరి పనీ చెడినట్లే. గ్లూకోసమైన్‌కు సల్ఫేట్ తగిలించే ఈ ఎంజైముకు సంబంధించిన జన్యువును శాస్త్రజ్ఞులు సిహెచ్ఎస్‌టి6 అని పిలుస్తున్నారు. అది పదహారవ క్రోమోజోము మీద ఉన్నది.

గొలుసు చేసే పని

లుమికాన్ వంటి మాంసకృత్తులు కొలాజెన్ పోగును అంటిపెట్టుకొని ఉంటాయి. వాటినుండి చక్కెర గొలుసులు పోగుల మధ్య ఖాళీలోకి చాచుకొని ఉంటాయి. గొలుసులన్నిటిమీదా రుణ విద్యుదావేశం ఉన్నందున అవి సోడియం అయాన్లను, వాటితోబాటు నీటిని ఆకర్షించి పట్టి ఉంచుతాయి. కార్నియా బరువులో మూడు వంతులకు పైగా నీరే. ఈ గొలుసుల బరువు మొత్తంలో సుమారు నూటికి ఒక వంతు మాత్రమే. అయినా నీటిని పట్టి ఉంచి పోగుల మధ్య దూరాన్ని నిలిపే పనిలో వాటిది పెద్ద పాలు.

గొలుసులు నీటిని ఇంతగా లాగుతున్నప్పుడు కార్నియా ఉబ్బిపోదా అన్న సందేహం రావచ్చు. నిజానికి కార్నియా ముక్కను నీటిలో వేస్తే అది ఉబ్బి తెల్లబడుతుంది. దేహంలో అలా జరగకుండా కార్నియా వెనుక ఒకే వరుసగా పరచి ఉన్న కణాలు అధికమైన నీటిని నిరంతరం వెలుపలికి పంపుతూ ఉంటాయి. ఒకవైపు లాగే గొలుసులు, మరొకవైపు తోడే కణాలు. ఈ రెండింటి సమతుల్యంలోనే మన చూపు నిలిచి ఉన్నది.

కుందేళ్ళ కార్నియాకు గాయమైనప్పుడు జరిగే మార్పులు కూడా ఈ విషయాన్నే సూచిస్తున్నాయి. గాయం మానేటప్పుడు ఏర్పడిన తెల్లని మచ్చలో పోగులు క్రమం తప్పి ఉంటాయి, సహజమైన కెరటాన్ తగ్గి ఉంటుంది. నెలలు గడిచి మచ్చ క్రమంగా పలుచబడిన చోట చక్కెర గొలుసులు కూడా సహజ స్థితికి చేరుతున్నట్లు 1983లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

ఒక్క సల్ఫేట్ లోపిస్తే

నల్లగుడ్డుమీద తెల్లని మచ్చ ఏర్పడితే మన పల్లెల్లో ‘కంటిలో పువ్వు వేసింది’ అంటారు. ఉర్దూలో ‘ఫూలీ’ అంటారు. ఇటువంటి మచ్చలలో అధిక భాగం దెబ్బ తగలటం వల్ల, సూక్ష్మక్రిములవల్ల, పసితనంలో ఎ విటమిను లోపంవల్ల ఏర్పడేవి. ఇప్పుడు చెప్పబోయేది వాటికి భిన్నమైనది. ఏ దెబ్బా, ఏ పుండూ లేకుండా రెండు కళ్ళలోను పుట్టుకతో వచ్చిన లోపంవల్ల మెల్లమెల్లగా అలముకొనే మసక ఇది. దీనికి మాక్యులర్ కార్నియల్ డిస్ట్రోఫీ అని పేరు. 1890లో జర్మనీ వైద్యుడు గ్రోనోవ్ దీనిని మొదట వర్ణించాడు.

ఈ వ్యాధి ఉన్న బిడ్డ కళ్ళు పుట్టినప్పుడు నిర్మలంగానే ఉంటాయి. సాధారణంగా బాల్యంలోనో, యౌవనారంభంలోనో కార్నియా మధ్యభాగంలో పొగమంచు వంటి మసక మొదలవుతుంది. అందులో అంచులు స్పష్టంగాలేని బూడిదరంగు మచ్చలు పుడతాయి. మచ్చల మధ్య భాగం కూడా నిర్మలంగా ఉండదు. ఏళ్ళు గడిచిన కొద్దీ అది కార్నియా అంచులవరకు, లోపలి పొరలవరకు వ్యాపిస్తుంది. వెలుతురు చూడలేకపోవటం, నొప్పి, నీరుకారటం కలుగుతాయి. ఇరవై నుండి నలభై ఏళ్ళ మధ్య, అనగా మనిషి కుటుంబ భారం మోయవలసిన వయస్సులో, చూపు బాగా దెబ్బతింటుంది.

దీని మూలం చాలాకాలం తెలియలేదు. 1980లో హాసెల్, ఆయన సహచరులు ఈ రోగుల కార్నియాలో పరిపక్వమైన కెరటాన్ సల్ఫేట్ తయారు కావటంలేదని నిరూపించారు. 1986లో కొందరు రోగుల రక్తంలో కూడా అది లేదని తేలింది. 2000లో అకామా, ఆయన సహచరులు పైన చెప్పిన సిహెచ్ఎస్‌టి6 జన్యువులోని మార్పులే దీనికి కారణమని కనుగొన్నారు. అనగా చక్కెర గొలుసు ఉన్నది గాని దానిమీద సల్ఫేట్ లేదు. సల్ఫేట్ లేని గొలుసు నీటిలో సరిగా కరగక, కణాల లోపలా వెలుపలా పేరుకుపోతుంది. పోగులు అవసరమైనదానికంటె దగ్గరకు చేరుతాయి, కార్నియా పలుచబడుతుంది.

ఇందులో మరొక విశేషమున్నది. ఈ రోగులలో కొందరి మృదులాస్థిలో కూడా కెరటాన్ సల్ఫేట్ లోపించి ఉన్నది. అయినా వారి కీళ్ళకు, ఎముకలకు చెప్పుకోదగిన బాధ లేదు. మృదులాస్థికి బలం కావాలి గాని నిర్మలత్వం అక్కరలేదు. నిర్మలత్వం అవసరమైన కంటికి మాత్రం ఆ చిన్న లోపమే పెద్ద నష్టమయింది.

కుటుంబాలు తెలుసుకోవలసిన విషయం

ఈ వ్యాధి తల్లిదండ్రులిద్దరి నుండి లోపంగల జన్యువు వచ్చినప్పుడే బయటపడుతుంది. ఒకరినుండి మాత్రమే వస్తే ఆ వ్యక్తి చూపు జీవితాంతం చక్కగానే ఉంటుంది. తనలో ఆ జన్యువు ఉన్నట్లు అతనికి తెలియను కూడా తెలియదు. అట్టి ఇద్దరు వివాహమాడితే ప్రతి కాన్పులోను బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకే తాత నుండి, ఒకే అవ్వ నుండి వచ్చిన జన్యువు ఇరువైపులా ఉండే అవకాశం దగ్గరి బంధువుల మధ్య హెచ్చుగా ఉంటుంది గనుక ఇటువంటి వ్యాధులు ఆ వివాహాలలో ఎక్కువగా కనిపిస్తాయి. సౌదీ అరేబియాలోను, దక్షిణ భారతంలోను ఈ వ్యాధి ఇతర ప్రాంతాలకంటె హెచ్చుగా కనిపించటానికి ఇది ఒక కారణం. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు కూడా మన ప్రాంతపు రోగులలో ఈ జన్యువును పరిశీలించి అనేక రకాల మార్పులను గుర్తించారు. అయితే ఇది ఒక మతానికో, ఒక జాతికో చెందిన వ్యాధి అనుకోవటం పొరపాటు. ఐస్‌లాండ్ ద్వీపంలో కార్నియా మార్పిడి చేయవలసి వచ్చిన ముఖ్య కారణాలలో ఒకప్పుడు ఇదీ ఒకటి. కొద్దిమంది పూర్వీకుల సంతతి ఒకచోటనే పెరగటమే అక్కడి కారణం. మేనరికాలు, మేనమామ వివాహాలు మన తెలుగుదేశంలో హిందువులలో కూడా ఉన్నవే.

షరీఅత్ చిన్నాన్న, పెదనాన్న, మేనత్త, మేనమామ, పినతల్లి, పెదతల్లి బిడ్డల మధ్య వివాహాన్ని ధర్మసమ్మతం చేసింది. కాని దానిని విధిగా చేయలేదు. కనుక కుటుంబంలో ఈ వ్యాధి లేనప్పుడు అనవసరమైన భయం పెంచుకోనక్కరలేదు. ఉన్నప్పుడు మాత్రం ఆలోచించి అడుగు వేయటం వివేకవంతుల లక్షణం. లెక్క చూడండి. ఈ వ్యాధిగల యువకుడు తన మేనత్త కూతురిని వివాహమాడితే ఆమెలో ఆ జన్యువు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. పుట్టే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. అదే యువకుడు ఆ జన్యువు లేని అమ్మాయిని వివాహమాడితే బిడ్డలలో ఎవరికీ వ్యాధి రాదు. వివాహానికి ముందు రక్తపరీక్ష ద్వారా జన్యువును పరిశీలించే సౌకర్యం ఇప్పుడు ఉన్నది. కంటివైద్యుని, జన్యుశాస్త్ర నిపుణుని సలహా పొందవచ్చు.

మరొక మాట చెప్పక తప్పదు. బిడ్డకు ఇటువంటి వ్యాధి వస్తే తల్లిని నిందించే దురాచారం మనలో ఉన్నది. లోపం ఇరువైపులనుండి సమానంగా వస్తేనే వ్యాధి వస్తుంది గనుక ఆ నిందకు శాస్త్రంలో గాని, న్యాయంలో గాని ఆధారం లేదు. ఎవరూ తమ జన్యువులను ఎన్నుకొని పుట్టరు.

నివారణోపాయం

లోపించిన సల్ఫేట్‌ను తిరిగి చేర్చే మందు ఇంతవరకు లేదు. ఆహారంలో మార్పు గాని, గంధకం కలిసిన ఔషధాలు గాని, చుక్కల మందులు గాని దీనిని నయం చేయలేవు. అటువంటివాటిపై ధనం వెచ్చించకుండా ఉండటం మేలు. మసక ముదిరినప్పుడు ఉన్న ప్రధాన చికిత్స ఒక్కటే. చెడిన కార్నియాను తీసి, మరణించిన వ్యక్తి దానం చేసిన నిర్మలమైన కార్నియాను అమర్చటం. 1905 డిసెంబరు 7న ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు నేటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్‌లో మనిషికి మనిషి కార్నియాను మొదటిసారి విజయవంతంగా అమర్చాడు. ఇప్పుడు రోగి కార్నియా వెనుకనున్న కణాల వరుస ఆరోగ్యంగా ఉంటే దానిని అలాగే ఉంచి ముందుభాగాన్ని మాత్రం మార్చే పద్ధతి కూడా ఉన్నది. కొందరిలో రోగి సొంత కణాలు కొత్త కార్నియాలోకి చేరి చాలా ఏళ్ళ తరువాత మసక తిరిగి రావచ్చు. అయినా ఆ మధ్యకాలంలో మనిషి చదువుకోగలడు, పనిచేసుకోగలడు, తన బిడ్డల ముఖాలు చూడగలడు.

దానం చేయబడిన కార్నియాను కొద్ది దినాలు భద్రపరచే ద్రవాలలో ఒకదానిలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ కలుపుతారు. ఇది కెరటాన్ జాతికే చెందిన మరొక చక్కెర గొలుసు. కార్నియా నీరు పీల్చి ఉబ్బకుండా ఇది తోడ్పడుతుంది. జీవించి ఉన్నప్పుడు కంటిని కాపాడిన జాతి గొలుసే మరణానంతరం కూడా దానిని మరొకరికి చేరేవరకు కాపాడుతున్నది.

మరణించిన వ్యక్తి కార్నియా తీసుకోవటం ధర్మసమ్మతమేనా అన్న ప్రశ్న మనలో చాలామందికి కలుగుతుంది. సౌదీ అరేబియాలోని ఉన్నత ఉలమా మండలి 1978లో కార్నియా విషయమై ప్రత్యేకంగా చర్చించి షరతులతో అనుమతించింది. 1988లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ అవయవ మార్పిడిపై నిర్ణయం చేస్తూ, మరణించినవారి అవయవాన్ని వారు జీవించి ఉన్నప్పుడు గాని, వారసులు గాని ఇచ్చిన అనుమతితో, అవసరమున్న జీవించి ఉన్నవారికి అమర్చవచ్చునని తెలిపింది. వ్యాధి కారణంగా తీసివేయవలసి వచ్చిన కంటినుండి కార్నియాను మరొకరికి అమర్చటాన్ని కూడా అనుమతించింది. అవయవాలను అమ్మటాన్ని నిషేధించింది. మన ఉపఖండంలోని ఉలమాలలో కొందరు శవం గౌరవానికి భంగం కలుగుతుందని దీనితో ఏకీభవించలేదు. ఇది పండితుల మధ్య అభిప్రాయభేదంగల సమస్య గనుక ఎవరికివారు తమకు నమ్మకమున్న ఉలమాను అడిగి తెలుసుకోవాలి. అలా అడిగేటప్పుడు వాస్తవాలను కూడా వారి ముందుంచాలి. అనేక సందర్భాలలో కంటిని మొత్తంగా తీయకుండా ముందున్న పలుచని పొరను మాత్రమే తీస్తారు. ముఖం వికారం కాదు. పని కొద్దిసేపటిలో ముగుస్తుంది గనుక జనాజాకు ఆలస్యం కలగదు.

దానం చేయదలచినవారు తమ ఉద్దేశాన్ని కుటుంబంలో ముందుగానే చెప్పి ఉంచాలి. మరణించిన తరువాత ఆరు గంటలలోగా, వీలైనంత త్వరగా నేత్రనిధికి తెలియజేయాలి. అంతవరకు కనురెప్పలు మూసి, వాటిమీద తడిపిన దూది ఉంచి, గదిలోని ఫ్యాను ఆపి, తలకింద దిండు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచాలి. కళ్ళజోడు వాడినవారైనా, కంటిలో శుక్లానికి శస్త్రచికిత్స చేయించుకొన్నవారైనా దానానికి అనర్హులు కారు.

పోగుల మధ్య దూరం, ఆ దూరాన్ని నిలిపే గొలుసు, గొలుసుమీద సల్ఫేట్, ఆ సల్ఫేట్‌ను చేర్చే ఒక ఎంజైము, వీటిలో ఏ ఒక్కటి తప్పినా చూపు మసకబారుతుంది. ఈ పేజీని చదువుతున్నవారిలో చాలామంది కంటిలో అవన్నీ సక్రమంగా ఉన్నాయి. అవి లేనివారి పట్ల మన బాధ్యత ఏమిటో, మన ఇళ్ళలో సంబంధాలు కుదుర్చుకొనేటప్పుడు ఏ విషయాలు అడిగి తెలుసుకోవాలో ఆలోచించవలసినది మనమే.